పిట్టకు పెట్టే చోటు

శంషాబాద్ దాటి బెంగళూరు హైవే మీంచి కొంచెం లోపలికి వెళితే వచ్చే ఒక ఊరు. ఊరికి ఏదైనా కట్టించి ఇస్తామని ఒక కంపెనీ వాళ్ళు ముందుకొచ్చారు. మగవాళ్ళు ఫంక్షన్ హాలు అడిగారు. ఆడవాళ్ళు శ్మశానంలో స్నానాల గది అడిగారు. నేను ఆర్కిటెక్టుని. మాట తేల్చమని కంపెనీ వాళ్ళు నన్ను పంపించారు.

ఆ మొదటి మీటింగు పంచాయతీ ఆఫీసు వరండాలో జరిగింది. హాలు ఎంత పెద్దది కావాలో మగవాళ్ళు చెబుతుంటే, వెనక వరుసలోంచి ఒకామె లేచింది. అరవై దాటి ఉంటుంది. ఉన్న కాస్త చేనులో ఆకుకూరలు పండించి శంషాబాద్ మార్కెట్లో అమ్ముకునే మనిషి. కంటి చూపు కొంచెం మందగించినట్టుంది, నన్ను చూడ్డానికి తల పక్కకు వాల్చింది.

"సచ్చినోళ్ల కాడ తానం జేసి తడిబట్టల మీద నిలవడ్తం మేడమ్. నలుగురు నాలుగు దిక్కుల చీరె వట్టుకుంటే నడుమ బట్టలు మార్చుకుంటం. పైనకెల్లి విమానం పోతది. రోడ్డు మీదికెల్లి లారీలు పోతయ్. గిట్ల ఎన్నొద్దులు?"

అప్పుడే ఒక విమానం దిగుతోంది. అది పోయేదాకా అందరూ ఆగారు, అక్కడ మాట్లాడేవాళ్ళకు అది అలవాటే. చప్పుడు తగ్గాక కూడా ఎవరూ హాలు మాట ఎత్తలేదు.

మాది కోస్తా. మా వైపు మా కుటుంబాల్లో ఆడవాళ్ళు శ్మశానం గడప తొక్కరు. మైలార్‌దేవ్‌పల్లిలో ఇల్లు, పైగదిలో ఆఫీసు పెట్టుకుని ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉంటున్నా, తెలంగాణ పల్లెల్లో చావు ఎలా జరుగుతుందో నాకు తెలియదు. తెలియనప్పుడు గీయకూడదు, అడగాలి అన్నది నేను పెట్టుకున్న నియమం. అందుకని దాదాపు రెండు నెలలు ఒక్క గీత గీయకుండా ఆ ఊరికి వెళ్ళొచ్చాను. మీటింగులో లేచి మాట్లాడినామెను పెద్దమ్మా అని పిలవడం అప్పుడే అలవాటైంది. చెప్పులు ఎక్కడ విడుస్తారు, ముసలివాళ్ళు ఎక్కడ కూలబడతారు, తడిచీరలు ఎక్కడ ఆరేస్తారు, పసిపిల్లల తల్లులు ఎక్కడ నిలబడతారు, అన్నీ అడిగి రాసుకున్నాను. కొలతలు తీస్తుంటే పెద్దమ్మ భర్త టేపు రెండో కొస పట్టుకునేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. బీడీ ఆర్పి చెవిలో దోపుకుని, నేను ఎటు చూపిస్తే అటు నడిచేవాడు.

ఆ రోజుల్లోనే ఊళ్ళో ఒక చావు జరిగింది. ఇంటివాళ్ళను అడిగి, దహనం రోజు దూరంగా నిలబడి అంతా చూశాను. "మూడొద్దులకు గూడ రా మేడమ్, జూద్దువు" అంది పెద్దమ్మ. వస్తానన్నాను. మూడో రోజు షాద్‌నగర్‌లో ఇంకో పని పడింది, వెళ్ళలేకపోయాను. సాయంత్రం ఫోన్ చేసి ఏం చేశారని అడిగాను.

"ఏముంది మేడమ్. పిట్టకు పెట్టినం, తానం జేసినం, వచ్చినం."

చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెడతారని, కాకి వచ్చి ముడితే వాళ్ళ మనసు నెమ్మదించినట్టని నాకు తెలుసు. మా వైపూ పిండం కాకికి పెడతారు. అందుకే ఇంకేమీ అడగలేదు. నోటుబుక్కులో 'విస్తరి పెట్టడానికి అరుగు, నీడలో' అని రాసుకున్నాను.

శ్మశానం నేలలోంచి తీసిన మట్టితోనే ఇటుకలు చేయించాను. వాటిని అచ్చు వేసి ఎండబెట్టాం, కాల్చలేదు. రోడ్డు వెడల్పులో కూల్చేసిన ఇళ్ళ పెంకులు కప్పుకు తెచ్చాం. నీళ్ళు తగిలే గోడలకూ, కిందికీ షాబాదు బండలు. స్నానాల నీళ్ళు కాలువగా వెళ్ళి గోడ పక్కన అరటి మొక్కలకు చేరాలి. ఆడవాళ్ళకు రెండు గదులు, మగవాళ్ళకు ఒకటి, ముందు లోతైన వసారా, వసారాలో అరుగు. అక్కడున్న వేపచెట్లలో ఒక్కటీ కొట్టలేదు.

పునాదులు తవ్వుతున్నప్పుడు మేస్త్రి అడిగాడు. షాద్‌నగర్ వైపు మనిషి, పనిమంతుడు. "మేడమ్, ఈ గుండు ఏం జేద్దాం? కొట్టిస్తే పునాది మొత్తానికి సరిపోతది."

శ్మశానానికి ఒక మూల, ఆరుబయట, నడుమెత్తు రాతిగుండు ఒకటి ఉండేది. దాని మీద పసుపు లేదు, బొట్టు లేదు, పేరు లేదు. బయటి నుంచి లారీల్లో రాయి తెప్పించకుండా ఉన్నచోటి రాయితోనే పునాది లేస్తుందంటే నాకు పండగలా అనిపించింది. కొట్టించమన్నాను. రెండు రోజులు పట్టింది. పని లేకుండా శ్మశానంలోకి ఎవరూ రారు కాబట్టి ఎవరూ చూడలేదు. రెండో రోజు మాత్రం దారిన పోతున్న ఒక ముసలాయన ఆగాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, సుత్తి దెబ్బలు పడుతున్నంతసేపు చూశాడు. నేను నమస్తే పెట్టాను. ఆయన తిరిగి పెట్టకుండా వెళ్ళిపోయాడు. వాన రాకముందే పునాది పూర్తవుతుందా లేదా అన్న ఆలోచనలో ఉన్నాను నేను.

కట్టడం అందరికీ నచ్చింది. శ్మశానంలో రిబ్బను కత్తిరించరు కాబట్టి ప్రారంభం లేదు. కంపెనీ వాళ్ళు ఫొటోలు తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. ఒక కాలేజీలో పిల్లలకు ఆ ఫొటోలు చూపిస్తూ, వాడేవాళ్ళను అడిగి కట్టడం ఎలాగో గంటసేపు చెప్పాను. చప్పట్లు కొట్టారు.

తరవాత కొన్ని నెలలు ఊళ్ళో ఎవరూ పోలేదు. వానలు వెనకపట్టాక ఒక పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసింది.

"మేడమ్, మాయన పోయిండు. ఎల్లుండి మూడొద్దులు. రా. నువ్వు కట్టింది ముందుగాల మాకే అక్కరకొచ్చింది."

టేపు పట్టుకున్న ఆ చేతులు గుర్తొచ్చాయి. దానికితోడు, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నీళ్ళ ట్యాంకు నింపారో లేదో, స్నానాల గది గడియలు పడుతున్నాయో లేదో అన్న భయం కూడా పట్టుకుంది. మేస్త్రికి ఫోన్ చేసి ముందురోజే వెళ్ళి చూసి రమ్మన్నాను.

మూడో రోజు నేను వెళ్ళేసరికి తొమ్మిదవుతోంది. ముప్పై మంది దాకా ఉన్నారు. మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, పక్కన కల్లు, ఒక బీడీ కట్ట. వసారాలోని అరుగు విస్తరి కోసమే అని నేను ముందే చెప్పి ఉన్నాను, కొడుకు తెచ్చి దాని మీద పెట్టాడు. అతను ఎయిర్‌పోర్టులో సామాన్లు దింపే పని చేస్తాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దండం పెట్టి అందరూ పది అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డారు.

కాకులు ఉన్నాయి. గోడ అవతల కరెంటు తీగ మీద మూడు కూర్చున్నాయి. ఇటే చూస్తున్నాయి. రాలేదు.

"జర ఎన్కకు జరుగుండ్రి, బెదురుతున్నయ్" అన్నారెవరో. అందరూ ఇంకాస్త జరిగారు. ఒక విమానం పోయింది. ఇంకొకటి పోయింది. అరగంట గడిచింది. తీగ మీంచి ఒక కాకి లేచి, కప్పు మీద ఒక చుట్టు తిరిగి మళ్ళీ తీగ మీదే వాలింది.

కొడుకు ముందుకొచ్చి చేతులు జోడించాడు. "బాపూ, అవ్వను మంచిగ జూస్కుంట. నువ్వు రంది వెట్టుకోకు. వచ్చి ముట్టు బాపూ."

రాలేదు.

"బర్రెను ఎవ్వలకియ్యం. నీ బర్రె ఇంటికాన్నే ఉంటది" అంది కోడలు.

రాలేదు. అప్పటికి పది దాటింది. ఎండ ఎక్కుతోంది. నేను వేపచెట్టు కింద నిలబడి అరుగు వైపే చూస్తున్నాను. ఆ వసారా చూరును నేను బాగా కిందికి దించాను. ముసలివాళ్ళకు ఎండ తగలకూడదని, వాన జల్లు లోపలికి కొట్టకూడదని. ఆ చూరు కింద, లోపలి చీకట్లో విస్తరి ఉంది. తీగ మీంచి చూసే కాకికి అదెలా కనబడుతుందో ఊహించుకున్నాను. గుహలా కనబడుతుంది. మూడు వైపులా గోడ ఉన్నచోట, పైన కప్పు ఉన్నచోట ఏ పిట్ట దిగుతుంది? దిగాక లేవడానికి ఆకాశం ఏది? ఆ సంగతి నాకు ఆ క్షణంలో స్పష్టంగా తెలిసిపోయింది. నేను మాత్రం చెట్టు కిందినుంచి కదల్లేదు.

ఇంతలో గుంపులోంచి ఒక ముసలాయన బయటికి వచ్చాడు. తలపాగా చూసి గుర్తుపట్టాను. గుండు కొడుతున్న రోజు ఆగి చూసినాయన. చనిపోయినాయనకు స్వయానా అన్న అని అప్పుడే తెలిసింది. చేను బాట దగ్గర తగాదా పడి అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదని పక్కనున్నావిడ నా చెవిలో చెప్పింది.

ఆయన అరుగు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తమ్మీ, బాట ఇడిసిపెడ్త. అందరి ముంగట జెప్తున్న. ఇగ కోపం వద్దు. తిను తమ్మీ."

ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. జనం ఏడ్చారు. కాకులు తీగ మీదే ఉన్నాయి.

తప్పు చూరుదైతే వీళ్ళు తమ తమ తప్పులు వెతుక్కుంటున్నారే అనుకున్నాను. చెబుదామా? ఒకవేళ నేను చెప్పి విస్తరి బయట పెట్టించినా కాకి రాకపోతే? చావు జరిగిన ఇంటివాళ్ళ మధ్య, పూర్తి సంగతి తెలియని నేను నోరు పెట్టడం తప్పవుతుందేమో? ఇలా లోపల తర్జనభర్జన పడుతుండగానే ఇంకో పావుగంట పోయింది. ఆ పావుగంటకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఎందుకంటే అప్పుడు పెద్దమ్మ మాట్లాడింది. అంతసేపూ గోడకానుకుని కూర్చున్న మనిషి.

"నా మీదనే కోపం ఆయనకు" అంది. "దవాఖానల నీళ్ళు అడిగిండు. డాక్టరు వద్దన్నడని నేనియ్యలే. మూడుసార్లు అడిగిండు. నేనియ్యలే."

నేను చెట్టు కిందినుంచి నడిచి వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాను.

"నీ మీద కాదు పెద్దమ్మా. నేను అరుగు లోపల కట్టాను. పైన కప్పుంది. పిట్ట భయపడుతోంది. విస్తరి బయట పెడదాం."

ముసలాయన తల తిప్పి నన్ను చూశాడు. "గుండు ఉన్నప్పుడు ఎన్నడు గింతసేపు వట్టలే. మా తాతల కాన్నుంచి ఆ గుండు మీదనే పెట్టిండ్రు."

ఏ గుండు అని అడగక్కర్లేకపోయింది. "ఆ గుండు నేనే కొట్టించాను" అన్నాను. "పునాదిలో వేయించాను. నాకు తెలియదు."

కొడుకు నా వైపు రెండడుగులు వేశాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"మేడమ్, అన్నీ అడిగినవ్. చెప్పులేడ ఇడుస్తరని గూడ అడిగినవ్. గిదెందుకు అడగలే?"

ఆ ముసలాయనే, "నేను జూసిన. జూసి ఏమనకుండ పోయిన. కడ్తున్నరు, తెలిసే జేస్తున్నరనుకున్న" అన్నాడు. ఆ మాట నన్ను కాపాడటానికి అన్నాడో, తనను తాను తిట్టుకోవడానికి అన్నాడో తెలియదు.

పెద్దమ్మే లేచింది. విస్తరి రెండు చేతులతో ఎత్తుకుని, గుండు ఉన్న మూలకు నడిచింది. అక్కడ ఇప్పుడు చదును నేల, దాని మీద మొలిచిన గడ్డి. మిగిలిపోయిన నాలుగు రాళ్ళు పోగేసి వాటి మీద విస్తరి పెట్టింది. "అందరు కట్టడం ఎన్కకు పోండ్రి" అంది. వెళ్ళాం. ఆమెకు దూరం సరిగా ఆనదు కాబట్టి గోడ చివర నన్ను నిలబెట్టి, నా భుజం పట్టుకుని నిలబడింది. "నువ్వు జూసి జెప్పు."

తీగ మీద కాకులు ఎప్పుడు లేచిపోయాయో, లేవు. పదకొండున్నర అయింది. పిల్లలు దాహమంటున్నారు. కొడుకు ఎయిర్‌పోర్టుకు ఫోన్ చేసి, డ్యూటీకి ఆలస్యమవుతుందని చెబుతున్నాడు. ఆమె వేళ్ళు నా భుజం మీద బిగుసుకుంటున్నాయి. దూరంగా ఎక్కడ ఏ రెక్క కదిలినా అటే చూస్తున్నాను.

చివరికి ఒక గోరింక వచ్చింది. గడ్డిలో దిగి, రాళ్ళ పక్కగా నడిచి, విస్తరి అంచు మీదికి ఎగిరింది.

"పిట్ట వచ్చింది పెద్దమ్మా. గోరింక."

"ముట్టిందా?"

అది అన్నంలో ముక్కు పెట్టింది. ఏదో పట్టుకుని ఎగిరిపోయింది. అది మెతుకో, విస్తరి మీద పాకుతున్న చీమో నాకు కనబడలేదు.

"ముట్టింది. తిన్నది" అన్నాను.

ఆమె నా భుజం వదిలేసింది. "గోరింకైతేంది, పిట్టనే గద" అని అందరికీ వినబడేలా చెప్పింది. అందరూ అవునన్నారు. ముసలాయన మాత్రం ఖాళీ తీగ వైపే చూస్తున్నాడు.

తరవాత ఆడవాళ్ళు స్నానాలకు వెళ్ళారు. గదులు బాగానే పనిచేశాయి. గడియలు పడ్డాయి, నీళ్ళు వచ్చాయి, ఎవరూ చీర అడ్డం పట్టుకోలేదు. లోపలినుంచి నీళ్ళ చప్పుడు వింటూ బయట నిలబడ్డాను. ఈ రోజు కోసమే కదా అంతా కట్టింది అనుకున్నా, సంతోషం రాలేదు. కారు ఎక్కి, మళ్ళీ దిగి కాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాను.

ఆ తరవాత చాలా రోజులు బల్ల ముందు కూర్చుంటే పెన్సిలు కదలలేదు. తుక్కుగూడలో ఒక అంగన్‌వాడీ బడి పని చేతిలో ఉంది. గీసిన ప్రతి గోడ దగ్గరా, దీని కింద ఏముందో, ఇక్కడ ఎవరు ఏం చేసేవారో అన్న భయం. టీచరమ్మను అడిగిందే మళ్ళీ అడిగాను. "మేడమ్, నిన్ననే జెప్పిన గద" అని ఆవిడ విసుక్కుంది.

పదకొండో రోజు కర్మకు వెళ్ళి, భోజనాలయ్యాక పెద్దమ్మ ఇంటివాళ్ళతో చెప్పాను. అక్కడ మళ్ళీ ఒక రాయి పెట్టాలి, ఎక్కడ పెట్టాలో మీరే చెప్పాలి అని. ముసలాయన, "కాకులను అడగాలె" అన్నాడు. నవ్వులాటకు అనలేదు. నాలుగు పొద్దులు పెద్దమ్మ, ఆయన, నేను శ్మశానంలో అక్కడక్కడా గుప్పెడేసి మెతుకులు పెట్టి, వేపచెట్టు కింద కూర్చుని చూశాం. ఆయన చూసి చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. పాత గుండు ఉన్న మూలకు కాకులు ఇప్పుడు రావడం లేదు. కొత్త గోడ దగ్గరగా ఉంది. ఉత్తరం వైపు, ఏ చెట్టూ ఏ చూరూ దగ్గరలేని చోటుకు వస్తున్నాయి.

తుక్కుగూడ పక్కన ప్లాట్ల కోసం బండలు పగలగొడుతున్న చోటునుంచి ముసలాయన ఒక గుండును అడిగి, ట్రాక్టరు మీద తెచ్చాడు. దింపేముందు చోటు గీసి ఇస్తానన్నాను. "గీసుడేమొద్దు మేడమ్. పెట్టుడే" అన్నాడు. ఊరివాళ్ళే గునపాలతో దొర్లించుకుంటూ పెట్టారు. మేస్త్రి పిలవకుండానే వచ్చి ఒక చెయ్యి వేశాడు. నేను దూరంగా నిలబడ్డాను. వసారాలోని అరుగు అలాగే ఉంది. దాని మీద ఇప్పుడు ముసలివాళ్ళు కూర్చుంటారు. కాకి రానిది కప్పు వల్లనే అని తెలిశాక కూడా ముసలాయన చేను బాట మాట వెనక్కి తీసుకోలేదు. కంచె తీసేశాడు.

చలికాలంలో ఊళ్ళో ఇంకొకావిడ పోయింది. మూడో రోజు పొద్దున నన్ను ఎవరూ పిలవలేదు, నేనే వెళ్ళాను. లోపలికి వెళ్ళే ధైర్యం చాలక గేటు దగ్గరే ఆగాను. విస్తరి గుండు మీద పెట్టారు. జనం వెనక్కి తిరగకముందే, నిజంగా వాళ్ళు వెనక్కి తిరగకముందే, కాకి వాలింది. ఒకటి కాదు, రెండు. "ముట్టింది, ముట్టింది" అని ఒక్కసారిగా అందరూ అన్నారు. గేటు పట్టుకున్నాను.

అప్పుడు జనంలో పెద్దమ్మ కనబడింది. ఆమె గుండు వైపు చూడటం లేదు. నేల వైపు చూస్తోంది. వీళ్ళకు ఇంత తొందరగా వచ్చింది, తన మనిషికే రాలేదు అన్నది ఆ ముఖం మీద రాసి ఉన్నట్టు నాకు తోచింది. లేదా అది నా భయమే కావచ్చు.

దగ్గరికి వెళ్ళాను. "పెద్దమ్మా" అన్నాను.

"మంచిగైంది మేడమ్" అంది. "ఆళ్లకు పరేషాన్ గాలే."

కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పి స్నానాల గదుల వైపు నడిచింది. తలుపులు తీసింది. చనిపోయినావిడ కోడళ్ళను ఒక్కొక్కరినే లోపలికి పంపించి, చంటిపిల్ల తల్లి దగ్గర పిల్లను తీసుకుని ఎత్తుకుంది. నేను వెనకే వెళ్ళి నిలబడ్డాను. పిల్ల ఏడుస్తుంటే ఊపుతూ, నా వైపు చూడకుండానే అంది.

"ఆరేసుకునేటందుకు తీగ సాల్తలేదు. ఇంకోటి కట్టియ్యి."

ఎక్కడ కట్టాలి, ఎంత ఎత్తులో అని అడిగాను. పిల్లను ఒక చంకనుంచి ఇంకో చంకకు మార్చుకుని, ఖాళీ చేత్తో చూపించింది.